బీరువాలో సగంలో ఆగిన కుట్టుపనులు: ఒక్కొక్కటీ ఎలా తెమల్చాలి

మీరు అడిగిందాన్ని ముందు క్లుప్తంగా చెప్తాను. బీరువా కింది అరలో ఐదు పనులు సగంలో ఉన్నాయన్నారు. కొంగు వరకు కచ్ వర్క్ (దారాల చట్రం వేసి దాని మీద అల్లే ఎంబ్రాయిడరీ) చేసి ఆపేసిన కాటన్ చీర, జాకెట్టు ముక్కలతో పైభాగం అతికి మడతపెట్టేసిన బొంత, ముప్పావు వంతు అయిన వేంకటేశ్వరస్వామి క్రాస్ స్టిచ్ (గళ్ల గుడ్డ మీద ఇంటూ గుర్తులతో కుట్టే బొమ్మ), అద్దాలు కుట్టాల్సిన జాకెట్టు గుడ్డ, చేతులు ఎక్కించని పాప గౌను. పాతవి తీయాలంటే టెన్షన్, కొత్తది మొదలుపెడదామంటే ఏదో తప్పు చేస్తున్నట్టు ఉంటోంది. "నాకు ఓపిక తక్కువేమో, ఎంబ్రాయిడరీ మిషన్ కొంటే ఇవన్నీ అయిపోతాయా?" అని అడిగారు.

ఓపిక తక్కువైనవాళ్ళు చీర కొంగంతా చేత్తో కచ్ వర్క్ చేయలేరండి. ఆ మాట పక్కన పెట్టేయండి. నేను చాలా ఏళ్లుగా ఆడపిల్లలకీ పెద్దవాళ్ళకీ కుట్టుపని నేర్పుతున్నాను. సగంలో ఆగిన పనులు నా ముందుకు ఎన్నో వచ్చాయి. వాటిలో విసుగుతో ఆగినవి కొన్నే. ఎక్కువ భాగం పని తీరు మారే చోట ఆగినవే. ఎంబ్రాయిడరీ అయిపోయి కత్తెర పట్టాల్సిన చోటో, చేతిపని నుంచి మిషన్ మీదికి వెళ్లాల్సిన చోటో, దారం అయిపోయి బజారుకు వెళ్లాల్సిన చోటో, ఏ రంగు వేయాలో తేల్చుకోవాల్సిన చోటో ఆగుతాయి. కుట్టడం మీకు వచ్చు. ఆగింది దాని పక్కనున్న ఇంకో పని దగ్గర. అదేమిటో తెలియకుండా సంచీ తీస్తే చీర మొత్తం మీద పడ్డట్టుంటుంది, మళ్ళీ మడతపెట్టేస్తారు.

అందుకని ముందు సూది పట్టకండి. ఒక ఆదివారం పొద్దున అయిదింటినీ మంచం మీద పరచండి. ఒక్కోదానికి ఒక చీటీ రాయండి. "చీర పూర్తి చేయాలి" అని రాస్తే లాభం లేదు. "ఎడమవైపు అంచు మీద డిజైన్ చెరిగిపోయింది, మళ్ళీ ట్రేస్ చేయించాలి", "అడుగు గుడ్డ కొనాలి, రెండున్నర మీటర్లు" అన్నట్టు, చేతికి అందే ఒక్క పని రాయాలి. బట్టల షాపుల్లో చీరకు ఇచ్చే జిప్ కవర్లు ఇంట్లో ఎలాగూ పడి ఉంటాయి. ఒక్కో కవర్లో ఒక్క పని, దాని దారాలు, దాని చీటీ పెట్టేయండి. దారం లచ్చి మీదున్న నంబరు కాగితం పారేయకండి. అదే షేడ్ మళ్ళీ దొరకాలంటే ఆ నంబరే ఆధారం. కోస్తా ఊళ్లలో ఉండేవాళ్ళకు ఇంకో మాట. సూదిని గుడ్డలో గుచ్చి వదిలేయకండి. ఒక అమ్మాయి తెచ్చిన లేత గులాబీ టేబుల్ క్లాత్‌లో, పువ్వు సరిగ్గా సగం రేకు దగ్గర సూది అలాగే ఉండిపోయింది. తీస్తే రెండు చిల్లుల చుట్టూ పెసరగింజంత తుప్పు మరక. తెల్ల కాటన్ అయితే నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టి చూడొచ్చు. రంగు గుడ్డ మీద ఆ పని చేస్తే మరకతో పాటు రంగూ పోతుంది. చివరికి ఆ మరక మీద ఒక ఆకు కుట్టాం. అలాగే కుట్టేటప్పుడు గుడ్డ బిగించే రింగు కూడా. పని ఆపిన రోజే విప్పేయండి, పట్టు మీద అయితే మరీను. నెలలు బిగించి ఉంచిన ముద్ర ఇస్త్రీకి కూడా పోదు.

ఇప్పుడు చీర. మీది పెద్ద పని, అందుకని దీని గురించే ఎక్కువ చెప్తాను. చీర పొడవు అయిదున్నర మీటర్లు. అందులో నడుముకు తిప్పే మొదటి చుట్టు, దాదాపు మీటరు, లోపలికి పోతుంది. దాని మీద ఎవరూ ఏ పువ్వూ చూడరు. కుచ్చిళ్ళలో పైభాగం మడతల్లో దాగుతుంది, కనిపించేది కింది సగం. చీరంతా ఒకే తీరులో బుటాలు పరవాలని డిజైన్ పుస్తకంలో ఉంటుంది కానీ, కట్టుకునేవాళ్ళకు కావలసింది కొంగు, కుచ్చిళ్ళ కింద అంచు, భుజం మీద కనిపించే భాగం. కొంగు మీరు చేసేశారు. చీర ఒకసారి కట్టుకుని అద్దం ముందు నిలబడి, కనిపించే చోట్ల గుండుసూదులు గుచ్చుకోండి. విప్పి పరిస్తే మిగిలిన పని ఎంతో తెలుస్తుంది. మీరు అనుకుంటున్నదానిలో సగం కూడా ఉండకపోవచ్చు. లోపలి మీటరు వదిలేయడం మోసమేమీ కాదు. అంగట్లో అమ్మే వర్క్ చీరల్లో కూడా ఆ భాగం చాలావరకు ఖాళీగానే ఉంటుంది.

డిజైన్ చెరిగిపోయి ఉంటే బటర్ పేపర్ మీద గీసి, గీత వెంబడి సూదితో చిల్లులు పొడిచి, కిరోసిన్‌లో కలిపిన నీలిమందు దూదితో రుద్దడం పాత పద్ధతి. ముదురు రంగు గుడ్డకైతే తెల్లటి జింక్ పొడి కలుపుతారు. కిరోసిన్ ఇప్పుడు ఇళ్లలో లేదు కాబట్టి ట్రేసింగ్ చేసే షాపుకే ఇవ్వండి. మగ్గం వర్క్ షాపులున్న ప్రతి ఊళ్లోనూ ఈ పని చేసేవాళ్ళు ఉంటారు. ఇంట్లో పెన్నుతో గీసుకునేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. నీళ్లకు పోయే నీలం పెన్ను గీత మీద ఉతక్కముందు ఇస్త్రీ పెడితే అది గుడ్డలో పాతుకుపోతుంది. ఇస్త్రీ వేడికి మాయమయ్యే పెన్నులది ఇంకో రకం తంటా. మైనస్ పది డిగ్రీల చలిలో ఆ గీతలు తిరిగి కనిపిస్తాయి. హైదరాబాద్‌లో ఫరవాలేదు, షికాగోలో ఉన్న కూతురికి పంపే దుప్పటి మీద మాత్రం వాడకండి.

కచ్ వర్క్‌లో రెండు దఫాలుంటాయని మీకు తెలుసు. మొదటి దఫా గుడ్డలో గుచ్చుతూ అడ్డదిడ్డంగా దారాల చట్రం వేస్తాం. రెండో దఫా గుడ్డను ముట్టకుండా ఆ దారాల పైనుంచీ కిందనుంచీ అల్లుకుంటూ వెళ్తాం. చాలామంది చీరంతా మొదటి దఫా వేసేసి, "అల్లిక తర్వాత చూద్దాం" అంటారు. చీర పనులు ఎక్కువగా ఇక్కడే చతికిలపడతాయి. అల్లని చట్రం వదులుగా ఉంటుంది, గాజులకు తగులుతుంది, మడతల్లో దారం లేచిపోతుంది. మళ్ళీ తీసి చూస్తే ఏ దారం కింద ఏది వెళ్లాలో అర్థం కాదు. ఒక పువ్వు చట్రం వేయగానే దాని అల్లిక కూడా ముగించి, అప్పుడు పక్క పువ్వుకు వెళ్లండి. అల్లేటప్పుడు మొనకు గుడ్డ తగిలి చిరాకు పెడుతుంటే, సూదిని తిప్పి కన్ను వైపు ముందుగా దూర్చండి. కన్ను మొద్దుగా ఉంటుంది, దారాన్ని చీల్చదు, గుడ్డను పట్టుకోదు. మొద్దు మొన ఉన్న టాపెస్ట్రీ సూది కొనుక్కున్నా సరే. దారం మరీ బిగించవద్దు. అల్లిక పూర్తయ్యాక వేలితో తడిమితే పువ్వు కింద గుడ్డ చదునుగా ఉండాలి. ముడుచుకుంటే బిగువు ఎక్కువైందని అర్థం, ఇస్త్రీతో అది సరికాదు.

దారం లెక్క కూడా ఇప్పుడే వేసుకోండి. మామూలు ఎంబ్రాయిడరీ లచ్చి ఎనిమిది మీటర్లు, ఆరు పోగులు. రెండు పోగులతో కుడితే ఒక లచ్చి నుంచి ఇరవై నాలుగు మీటర్ల పని దారం వస్తుంది. ఒక పువ్వుకు ఎంత పట్టిందో ఒకసారి కొలిస్తే, మిగతావాటికి ఎన్ని లచ్చీలు కావాలో లెక్క తేలుతుంది. ఒకేసారి కొనేయండి. నంబరు ఒకటే అయినా వేరే వేరే సార్లు రంగేసిన లచ్చీల మధ్య ఒక్కోసారి తేడా కనిపిస్తుంది, అదీ సరిగ్గా కొంగు మీద కనిపిస్తుంది. ఇక ఫాల్, పీకో, కొంగు కుచ్చులు బయట వేయించుకోండి. అన్నీ చేత్తోనే చేయాలన్న నియమం మీకెవరూ పెట్టలేదు.

బొంత దగ్గర మీరు ఆగడం సహజమే. ముక్కలు అతకడంలో సరదా ఉంది. మూడు పొరలు పరిచి టాకాలు వేయడంలో నడుం నొప్పి తప్ప సరదా లేదు. బొంతలు కుట్టేవాళ్ళు చాలామంది ఆగిపోయేది ఇక్కడే. కర్ణాటకలో ఎల్లాపుర, హళియాళ ప్రాంతాల్లో ఉండే సిద్దీ ఆడవాళ్ళు కవంది అనే బొంత కుడతారు. వాళ్ళు పైభాగం విడిగా అతకనే అతకరు. అడుగు గుడ్డ పరిచి, అంచు నుంచి మొదలుపెట్టి, ఒక్కో పేలికను మడిచి పెడుతూ పొరలన్నిటినీ కలిపి పరుగు కుట్టు వేస్తూ మధ్యకు వస్తారు. మధ్యకు చేరేసరికి అతుకూ అయిపోయింది, కుట్టూ అయిపోయింది, అంచు కూడా మొదట్లోనే అయిపోయింది. మీ తర్వాతి బొంత ఆ పద్ధతిలో కుట్టి చూడండి. మీలాంటివాళ్ళకు సరిపోయే పద్ధతి అది.

ఇప్పుడున్నదాన్ని మాత్రం పొరలు పరిచే కుట్టాలి. ముందు పైభాగాన్ని వెలుగుకు ఎదురుగా పట్టుకుని చూడండి. జాకెట్టు ముక్కలంటే టూ బై టూ, పట్టు, జార్జెట్, పాలిస్టర్ అన్నీ కలిసిపోయి ఉంటాయి. జార్జెట్ లాంటి జారే ముక్కలుంటే వాటి వెనక ఇస్త్రీతో అతుక్కునే ఫ్యూజింగ్ గుడ్డ వేయండి. అతుకు విడిపోతున్న చోట్ల ఇప్పుడే మళ్ళీ కుట్టండి. పొరలు పడ్డాక ఆ అవకాశం ఉండదు. నడుమ పొరకు ఫోమ్ షీట్ కొనకండి. మన వేడికి అది కప్పుకోలేరు, ఉతికితే నాలుగు రోజులు ఆరదు. పాత నేత చీరో, పాత పంచెలో రెండు పొరలు వేయండి. ఒక పాత చీరను 90 అంగుళాల చొప్పున కత్తిరిస్తే 46 అంగుళాల వెడల్పున రెండు పొరలు వస్తాయి. ఒక మనిషి కప్పుకునే బొంతకు అవి చాలు. అడుగు గుడ్డ కొత్తదైతే తప్పకుండా తడిపి ఆరేసి వాడండి. పాత చీర ఎప్పుడో ముడుచుకుపోయి ఉంటుంది. కొత్త కాటన్ మొదటి ఉతుకులో ముడుచుకుంటే బొంత అంతా బుడిపెలు పడుతుంది.

పరచడానికి టైల్స్ నేల బాగుంటుంది. హాల్లో సోఫా జరిపి, అడుగు గుడ్డను తలకిందులుగా, అంటే మంచి వైపు నేలకు ఉండేలా పరిచి, నాలుగు వైపులా టేపు అంటించండి. గుడ్డ బిగువుగా ఉండాలి, సాగదీయకూడదు. దాని మీద నడుమ పొర, పైన మీరు అతికిన భాగం. అడుగు గుడ్డ నాలుగు వైపులా రెండు మూడు అంగుళాలు ఎక్కువ ఉండాలి. అరచేత్తో మధ్య నుంచి బయటికి నిమురుతూ, జానెడు దూరానికి ఒకటి చొప్పున పిన్నీసులు పెట్టండి. కూర్చుని వంగలేనివాళ్ళు డైనింగ్ టేబుల్ మీద కొంచెం కొంచెం జరుపుకుంటూ పెట్టుకోవచ్చు. మీరొక్కరే చేయకండి. ఇంట్లో ఇంకొకరిని అవతలి అంచు పట్టుకోమంటే గంటన్నరలో అయిపోయే పని. ఆ రోజే మొత్తం కుట్టాలని పెట్టుకోవద్దు. పిన్నీసులు పెట్టడం వరకే ఆ రోజు పని. ఒకసారి పొరలు కలిసాక బొంత మీదే మీకు చేతులు పడతాయి.

కుట్టు మధ్య నుంచి అంచులకు వెళ్లాలి. చేత్తో అయితే బొంత కుట్టే మామూలు పరుగు కుట్టే, బెత్తెడు దూరంలో వరసలు. మిషన్ మీదైతే 16 నంబరు కొత్త సూది, కుట్టు పొడవు మూడు మిల్లీమీటర్లు, నేరుగా గీతలు. వంపులు తిప్పే సరదా ఈ బొంత మీద వద్దు.

ఇక అంచు పట్టీ. 46 x 90 బొంతకు చుట్టూ 272 అంగుళాలు. 44 అంగుళాల పన్నా (వెడల్పు) ఉన్న గుడ్డలో రెండున్నర అంగుళాల పట్టీలు ఏడు కత్తిరిస్తే అతుకులు పోను సరిపోతుంది. అంటే అరమీటరు గుడ్డ. పట్టీని పొడవునా సగానికి మడిచి ఇస్త్రీ చేసి, తెరిచి ఉన్న అంచులు బొంత అంచుతో కలిపి, పావు అంగుళం లోపలికి కుట్టుకుంటూ రండి. మూల రావడానికి పావు అంగుళం ముందే ఆగి దారం తెంపండి. పట్టీని నేరుగా పైకి మడవండి, మూల దగ్గర ఏటవాలు మడత పడుతుంది. ఆ మడతను వేలితో పట్టుకుని, పట్టీని మళ్ళీ కిందికి, రెండో వైపు అంచుకు సమానంగా దించండి. పైనుంచి కుట్టు మొదలుపెట్టండి. వెనక్కి తిప్పినప్పుడు మూల దానంతట అదే కోణంగా కూర్చుంటుంది. వెనక వైపు చేత్తో హెమ్మింగ్ చేసుకోండి. టీవీ ముందు కూర్చుని చేసుకోదగ్గ పని ఇది.

ఆ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. సాయంత్రం సీరియల్ చూస్తూ చేసుకునే పనులు వేరు, పగటి వెలుగులో మనసు పెట్టి చేయాల్సినవి వేరు. హెమ్మింగ్, పరుగు కుట్టు, ఒకే రంగు నింపడం మొదటి రకం. కత్తిరించడం, లెక్కపెట్టి కుట్టడం, నల్ల గుడ్డ మీద నల్ల దారం రెండో రకం. రాత్రి తొమ్మిదింటికి అలసిపోయి రెండో రకం పని తీస్తే అది పూర్తవదు, పైగా మరునాడు విప్పుకోవాలి. చీటీ మీద "పగలు" అనో "రాత్రి" అనో ఒక మాట రాసుకోండి. నలభై దాటినవాళ్ళు ముదురు గుడ్డ మీద కుట్టేటప్పుడు ఒళ్లో తెల్ల టవల్ పరుచుకుంటే పోగుల మధ్య సందులు బాగా కనిపిస్తాయి.

క్రాస్ స్టిచ్ సంగతి. 14 కౌంట్ ఐడా గుడ్డ అంటే అంగుళానికి 14 గళ్లు. 10 x 14 అంగుళాల బొమ్మంటే దాదాపు 27 వేల కుట్లు. మీకు పావు వంతు మిగిలిందంటే ఏడు వేల దాకా ఉన్నట్టు. గంటకు వంద నుంచి నూటయాభై కుట్లు వేసేవాళ్ళకు 45 నుంచి 70 గంటల పని. రోజూ అరగంట కూర్చున్నా మూడు నుంచి అయిదు నెలలు. ఈ లెక్క మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. "ఈ వారంలో తేల్చేద్దాం" అని కూర్చున్నందుకే మీకు విసుగొస్తోంది. ఇలాంటి బొమ్మల్లో చివరికి మిగిలేది సాధారణంగా వెనకున్న ఒకే రంగు నేపథ్యం. స్వామి విగ్రహం, పూలదండలు, కిరీటం పూర్తయి ఉంటే నేపథ్యం నింపకుండా గుడ్డ రంగే వదిలేయొచ్చు. అంచు వెంబడి బ్యాక్ స్టిచ్ వేస్తే చక్కగా విడిగా నిలబడుతుంది. దేవుడి పటం సగంలో వదిలేయడం మంచిది కాదన్న పీకులాట కూడా అక్కడితో తీరుతుంది.

పటం కట్టించే ముందు గుడ్డను చల్లటి నీళ్లలో, కొద్దిపాటి మెత్తని సబ్బుతో ఉతకండి. ఎరుపు దారం మీద ముందు తడి దూది అద్ది చూడండి. రంగు దిగితే ఉతికేటప్పుడు గుడ్డను ఆరనివ్వకండి. నీళ్లు తేటగా వచ్చేదాకా మార్చి మార్చి చల్లటి నీళ్లలో ముంచండి. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు ఆగుతుందని మన ఇళ్లలో అందరూ అంటారు కానీ, ఇప్పటి రంగుల విషయంలో ఆ భరోసా పెట్టుకోకండి. టర్కీ టవల్ మీద బోర్లా వేసి ఇస్త్రీ చేస్తే కుట్లు అణిగిపోవు. పటాల షాపువాళ్ళు గుడ్డను అట్టకు జిగురుతో అంటించేస్తారు. వద్దని గట్టిగా చెప్పి, గుడ్డ అంచుల్ని అట్ట వెనక దారంతో అటూ ఇటూ లాగి మీరే కుట్టి ఇవ్వండి. గాజు గుడ్డను తాకకుండా మధ్యలో మౌంట్ (అట్ట చట్రం) పెట్టమనండి, లేకపోతే వానాకాలం గాజు లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది.

జాకెట్టు చిన్న పని, దాని మీద ఎక్కువ చెప్పను. గుడ్డ కత్తిరించకముందే అద్దాలు కుట్టండి. కానీ ముందు మీ టైలర్ చేత మెడ, చేతుల గీతలు గీయించుకోండి. కుట్టు గీతకు అర అంగుళం లోపల అద్దం గానీ పూస గానీ రాకూడదు, మిషన్ సూది విరుగుతుంది. లైనింగ్ తడిపి ఆరేసి ఇవ్వండి.

గౌను విషయంలో నా సలహా మీకు నచ్చకపోవచ్చు. పాపకు అది ఇప్పటికే పొట్టి అయి ఉంటుంది. పిల్లల బట్టలు అందుకే సగంలో ఆగితే ముందు వాటినే ముగించాలి, చీర పదేళ్లయినా ఆగుతుంది కానీ పాప నడుము ఆగదు. కింద ఒక వరస కుచ్చు వేస్తే ఇంకో ఏడాది వస్తుందంటే చేయండి. లేదంటే చేతులు లేకుండా పైపింగ్ వేసేసి, బంధువుల్లో చిన్నపిల్ల ఎవరికైనా ఇచ్చేయండి. అదీ కుదరకపోతే మీరు కుట్టిన ముందు భాగం కత్తిరించి ఒక దిండు గలీబు మీద అతికేయండి. అప్పుడు ఆ చీటీ చింపేయొచ్చు.

కొత్తది మొదలుపెట్టొచ్చా అన్నారు. మొదలుపెట్టండి. కొత్త డిజైన్ మీద మనసు పోవడం వల్లే మనం ఈ సరదాలో ఉన్నాం. కాకపోతే కొత్త దారాలకు సికింద్రాబాద్ జనరల్ బజారుకో, విజయవాడ వస్త్రలత బట్టల మార్కెట్‌కో వెళ్లిన రోజున పాత చీటీల్లో ఉన్న వస్తువులు కూడా అదే సంచీలో తెచ్చేయండి. బొంత అడుగు గుడ్డ, చీర లచ్చీలు, గౌను పైపింగ్. ఒక్క ప్రయాణంతో మూడు పనులు ముందుకు జరుగుతాయి.

ఇక ఎంబ్రాయిడరీ మిషన్. కొనకండి, కనీసం ఇప్పుడే కొనకండి. మీ అయిదింటిలో ఏ ఒక్క పనీ అది చేయదు. కచ్ వర్క్ అల్లికా, ఐడా మీద చేతి క్రాస్ స్టిచ్చూ దానికి రావు, బొంత పొరల్ని అది పరవదు. ఇంట్లో ఉన్న మామూలు మిషన్‌కు ఒక వాకింగ్ ఫుట్ కొనుక్కోండి. పై పొర ముందుకు జరిగిపోకుండా మూడు పొరల్నీ సమానంగా లాగుతుంది, బొంతకు అదే కావాలి. కొనే ముందు మీ మిషన్ ఫుట్ విప్పి షాపుకు తీసుకెళ్లండి. షాంక్, అంటే ఫుట్‌ను మిషన్‌కు బిగించే భాగం, పొట్టిదా పొడుగుదా అన్నదాన్ని బట్టే అది సరిపోతుంది.